ఏడక్షరాల ఉత్తరం

పిల్లలూ, మీలో ఉత్తరం రాసినవాళ్ళు ఎందరున్నారు? ఫోనులో రెండు ముక్కలు కొట్టి పంపటం గురించి కాదు నేను అడిగేది. కాగితం తీసుకుని, "క్షేమం" అని మొదలుపెట్టి, చివర సంతకం చేసి, కవరు అంటించి పోస్టుడబ్బాలో వేసిన ఉత్తరం సంగతి. ఇప్పుడు ఆ అలవాటు తగ్గిపోయింది కనక చాలామంది రాసి ఉండరు. మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి, వాళ్ళు తప్పకుండా రాసి ఉంటారు.

ఉత్తరానికి ఒక గుణం ఉన్నది. రాసినవాళ్ళూ, చదివేవాళ్ళూ ఒకచోట ఉండనక్కర్లేదు. ఒక కాలంలో ఉండనక్కర్లేదు కూడా. మీ ముత్తాతగారు రాసిన కార్డు పెట్టె అడుగున దొరికితే, ఆయనను ఎన్నడూ చూడని మీరు దాన్ని ఇవాళ చదువుకోవచ్చు. అయితే ఆయన గొంతు మాత్రం ఆ కార్డులో దొరకదు. మరి పాటను కూడా ఉత్తరంలో పెట్టి పంపటం సాధ్యమా? సాధ్యమే! దానికి యాభైయారు అక్షరాలు కూడా అక్కర్లేదు. స, రి, గ, మ, ప, ద, ని అనే ఏడు అక్షరాలు చాలు. అటువంటి ఉత్తరాలు రాసిన ఒక ప్రొఫెసరుగారి సంగతి మీకు చెబుతాను.

మేముండేది హైదరాబాదులో, మాదాపూరులో. ఈ ప్రాంతాన్ని ఇప్పుడు హైటెక్ సిటీ అంటున్నారు. 1998లో సైబర్ టవర్స్ అనే మేడ లేచేదాకా ఇక్కడ చాలాభాగం రాళ్ళగుట్టలూ, పొదలూనూ. ఇప్పుడు దాని చుట్టూ దానికన్న ఎత్తయిన అద్దాల మేడలు ఎన్నో వచ్చాయి. నెత్తిమీదుగా మెట్రో రైలు పోతూంటుంది. ఇంత సందడిలోనూ అన్నమయ్యపురం అని ఒక చోటు ఉన్నది. గాయని శోభారాజుగారు 1983లో స్థాపించిన అన్నమాచార్య భావనా వాహినికి అది నిలయం. రోడ్డు మీద కార్ల మోత, లోపల తంబురా శ్రుతి!

మా పక్క ఫ్లాటులో నాలుగో తరగతి చదివే అమ్మాయి ఒకతె సంగీతం నేర్చుకుంటున్నది. ఒకనాడు మా ఇంటికి వచ్చి, కొత్తగా నేర్చుకున్న అన్నమయ్య పాట పాడి వినిపించింది. పాడటం అయినాక, "తాతయ్యా, అన్నమయ్య కూడా దీన్ని ఇలాగే పాడేవాడా?" అని అడిగింది.

"ఆయన పాట ఆయన పాడినట్టే ఉంటుంది గదే, పిచ్చిపిల్లా!" అన్నది వాళ్ళమ్మ.

"లేదమ్మా, మాటలు అన్నమయ్యవే, నువ్వు పాడిన వరస మాత్రం ఆయనది కాదు. ఆయన ఏ వరసలో పాడాడో ఇప్పుడెవరికీ తెలియదు," అన్నాను నేను.

ఆ పిల్ల కొంచెంసేపు ఆలోచించి, "మరి ఈ వరస ఎవరిది?" అన్నది.

ఇది తేలికగా తీసిపారెయ్యవలసిన ప్రశ్న కాదు. దీనికి జవాబు చెప్పాలంటే ముందు తిరుమలకు పోవాలి.

తాళ్ళపాక అన్నమాచార్యులు 1408లో పుట్టి, 1503లో పోయాడు. ఆయన 32,000 సంకీర్తనలు చెప్పినట్టు మనుమడు చిన్నన్న రాశాడు. ఆ రోజుల్లో పుస్తకాలు తాటాకుల మీద ఉండేవి. తాటాకును చెద తింటుంది, తేమ పాడుచేస్తుంది, నిప్పు కాలుస్తుంది. అందుచేత ఆ పాటలను రాగిరేకుల మీద చెక్కించి, తిరుమల ఆలయంలో ఒక రాతి అరలో భద్రపరిచారు. తరవాత ఏమయిందంటే, కొన్ని వందల ఏళ్ళు గడిచేసరికి ఆ అర సంగతి దాదాపు అందరూ మరిచిపోయారు! రేకులు మాత్రం చెక్కుచెదరలేదు. ఇరవయ్యో శతాబ్దం మొదటి పాదంలో అవి మళ్ళీ వెలుగు చూశాయి. రేకులు 2,000కు పైనే ఉన్నాయి. వాటిలో దొరికిన పాటలు 12,000కు పైమాటే.

పండితులు రేకులు కడిగి, ఓపికగా చదవసాగారు. ప్రతి పాటకూ పైన రాగం పేరు చెక్కి ఉన్నది. కింద పాట ఉన్నది. వరస లేదు! తాళం ఏమిటో కూడా సాధారణంగా చెప్పలేదు.

రాగం పేరు ఉన్నది గదా, పాడుకోవచ్చు గదా అని మీరు అనవచ్చు. రాగం అంటే వరస కాదు. కవరు మీద ఊరి పేరూ, వీధి పేరూ ఉండి ఇంటి నంబరు లేదనుకోండి. పోస్టుమాను ఆ వీధిదాకా రాగలడు, తరవాత ఏ తలుపు తట్టాలి? శంకరాభరణం ఒక వీధి. అందులో వేల ఇళ్ళు, అంటే వేల వరసలు ఉండవచ్చు. దానికితోడు కొన్ని వీధులు ఇప్పుడు ఊళ్ళోనే లేవు. అబాలి, కొండమలహరి వంటి రాగాల పేర్లు ఆ రేకుల మీద ఉన్నాయి. అవి ఇప్పటి కచేరీలలో వినపడేవి కావు.

కనక పాటలకు కొత్తగా వరసలు కట్టాలి. మరి ఆ పని ఎవరు చెయ్యాలి? సంగీత విద్వాంసుడు చేస్తే సరిపోదా?

ఇక్కడ మీకొక చిన్న తమాషా చూపిస్తాను. "వాన రాదు" అనే మాటను ఒక పాటలో పెట్టారనుకోండి. వరస కట్టినవాడు భాష పట్టించుకోకుండా "వానరా" అని సాగదీసి, ఒక దెబ్బ ఆగి, తరవాత "దు" అన్నాడు. వినేవాళ్ళకు ఏం వినపడుతుంది? ఎవరినో "ఓ కోతీ!" అని పిలిచినట్టు వినపడుతుంది. వాన సంగతి పోయి కోతి వచ్చి కూర్చుంటుంది! మాట ఎక్కడ విరుగుతుందో తెలిసినవాడే తాళపు దెబ్బ ఎక్కడ పడాలో చెప్పగలడు. పైగా అన్నమయ్య భాష అయిదువందల ఏళ్ళ నాటిది. అందులో రాయలసీమ పల్లెల పలుకుబడి ఉన్నది, సంస్కృతం ఉన్నది, ఇప్పుడు వాడుక పోయిన మాటలు ఎన్నో ఉన్నాయి. పండితుడు ఒక్కడే అయితే అర్థం చెప్పగలడు, పాడలేడు. గాయకుడు ఒక్కడే అయితే పాడగలడు, అర్థం తప్పిపోవచ్చు. ఇద్దరూ ఒకే మనిషిలో ఉండాలి.

అటువంటి మనిషి అప్పటికి మైసూరులో ఉన్నాడు. ఆయనే రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు.

శర్మగారు 1893 జనవరి 23న అనంతపురం జిల్లాలోని రాళ్ళపల్లి అనే పల్లెటూళ్ళో పుట్టారు. ఆయన ఇంటిపేరు నిజానికి కర్నమడకల. ఊరి పేరే లోకంలో ఇంటిపేరుగా నిలిచిపోయింది. తండ్రి కృష్ణమాచార్యులుగారి దగ్గిర సంస్కృతం, తెలుగు నేర్చుకుని, చిన్నతనంలోనే చదువు కోసం మైసూరు చేరారు. అక్కడ పరకాల మఠంలో సంస్కృత కావ్యాలు చదివారు.

మైసూరు అప్పట్లో ఎటువంటి ఊరనుకున్నారు? మహారాజుగారి ఆస్థానంలో వీణ శేషణ్ణగారు ఉండేవారు. వాసుదేవాచార్యులుగారు ఉండేవారు. ఆయన కన్నడదేశంలో ఉంటూ తెలుగులోనూ, సంస్కృతంలోనూ కృతులు రచించారు. చదువుకోవటానికి వచ్చిన కుర్రవాడికి వీధుల్లో సంగీతమే ఎదురయ్యేది. శర్మగారు బిడారం కృష్ణప్పగారి వంటి గురువుల దగ్గిర పాట నేర్చుకున్నారు. ఏడు తంతుల వయొలిన్ వాయించి పేరు పొందిన చౌడయ్యగారు కూడా ఆ కృష్ణప్పగారి శిష్యుడే.

మైసూరు మహారాజా కాలేజీలో అప్పుడు కట్టమంచి రామలింగారెడ్డిగారు ప్రొఫెసరుగా ఉన్నారు. ఆయనే తరవాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు మొదటి వైస్ చాన్సలర్ అయ్యారు. రెడ్డిగారు ఈ కుర్రవాడి పాండిత్యం చూసి 1912లో తమ కాలేజీలో తెలుగు పండితుడుగా తీసుకున్నారు. 1912 లోనుంచి 1893 తీసివేసి చూడండి. పందొమ్మిదేళ్ళు! ఎదుట బెంచీల మీద కూర్చున్నవాళ్ళలో కొందరు ఆయన ఈడువాళ్ళే అయి ఉంటారు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడి, ఆ కాలేజీ దానిలో భాగమయింది. శర్మగారు 1949 దాకా అక్కడే తెలుగు చెప్పారు. 1928లో వేమన మీద ఆయన చేసిన ఉపన్యాసాలు పుస్తకంగా వచ్చి, ఇప్పటికీ పెద్దవాళ్ళు చదువుతూ ఉన్నారు. ప్రాకృత భాషలో ఉన్న గాథాసప్తశతి నుంచి గాథలు ఎన్ని తెలుగు పద్యాలుగా మార్చారు. పగలు కాలేజీలో కావ్యాలు, మిగిలిన వేళ సంగీతం.

అదే కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పే గోపాలస్వామిగారు అనే ప్రొఫెసరు 1935లో తన ఇంట్లోనే రేడియో కేంద్రం పెట్టాడు. దానికి "ఆకాశవాణి" అని పేరు వచ్చింది. తరవాత దేశంలోని రేడియోకంతటికీ అదే పేరయింది! ఇది మన కథకు అవసరం లేదుగాని, చెప్పకుండా ఉండలేకపోయాను.

శర్మగారు కాలేజీ ఉద్యోగం విరమించేనాటికి ఆయనకు యాభైయారేళ్ళు. ఆ వయసులో చాలామంది వాలుకుర్చీ వేసుకుంటారు. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర ప్రాచ్య పరిశోధనాలయంలో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు తాళ్ళపాకవారి సాహిత్యం మీద ఎంతో పని చేస్తూ ఉన్నారు. శర్మగారు అక్కడికి చేరి పాటల పని తలకెత్తుకున్నారు. 1950 ఆగస్టులోనే శాస్త్రిగారు కాలం చేశారు. పని ఆగలేదు. శర్మగారు రేకుల పాటలను పరిష్కరించి, నూటికి పైగా పాటలకు వరసలు కట్టి, వాటిని స్వరాలతో సహా రాశారు. దేవస్థానంవారు వాటిని పుస్తకాలుగా అచ్చువేశారు.

నేను ఉత్తరాలు అన్నది వీటినే.

ఆ ఉత్తరం ఎలా ఉంటుందో చూడండి. పై వరుసలో స్వరాలు, వాటి కింద పాట మాటలు ఉంటాయి. "స" అంటే ఒక మాత్ర, "సా" అని దీర్ఘం పెడితే రెండు మాత్రలు. కామా పెడితే గొంతును ఇంకొక మాత్ర సాగదియ్యాలి. అక్షరం నెత్తిన చుక్క ఉంటే పై స్థాయి, కింద చుక్క ఉంటే కింది స్థాయి. నిలువుగీతలు తాళం విరుపులు. ఆదితాళమైతే నాలుగు, రెండు, రెండు, మొత్తం ఎనిమిది దెబ్బలు. ఇంతే!

చుక్కకు అర్థం ఏమిటో సైన్సు పద్ధతిలో కూడా చెప్పవచ్చు. మీరు పాడే "స" సెకనుకు 240 సార్లు కంపిస్తున్నదనుకోండి. అప్పుడు "ప" 360 సార్లు, చుక్క పెట్టిన పై "స" 480 సార్లు కంపిస్తాయి. పై స సరిగా రెండింతలు, ప ఒకటిన్నర రెట్లు. స ఎక్కడ పెట్టుకుంటారన్నది మీ ఇష్టం, లెక్క మాత్రం మారదు. అందుకే తాతగారి బొంగురు గొంతుకూ, మీ సన్నని గొంతుకూ ఒకే కాగితం పనికివస్తుంది.

అయితే ఈ ఉత్తరంలో చేరనిది కూడా ఉన్నది. తోడిరాగంలో గాంధారం ఒకచోట నిలబడదు, ఊయెల మాదిరి ఊగుతుంది. కాగితం మీద చూస్తే ఒక్క "గ" ఉంటుంది. ఎంత ఊగాలి, ఎక్కడ ఆగాలి అనేది గురువుగారి నోట వినవలసిందే. దీన్నే గమకం అంటారు. 1904లో సుబ్బరామ దీక్షితులు ఎట్టయాపురంలో అచ్చువేయించిన "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" అనే మహాగ్రంథంలో గమకాలకు కూడా వేరువేరు గుర్తులు పెట్టారు. తమిళదేశంలో అచ్చయిన ఆ పుస్తకం తెలుగులో ఉన్నది, తెలుసునా? అన్ని గుర్తులు పెట్టినా, వినకుండా చదివి పాడినవాడి పాట ఎక్కడో తెలిసిపోతుంది.

ఇదే రకం ఉత్తరాలు ఇంకొక ప్రొఫెసరు కూడా రాశారు. ఆయన చెప్పింది వైద్యశాస్త్రం! డాక్టర్ శ్రీపాద పినాకపాణిగారు విశాఖపట్నంలోనూ, కర్నూలులోనూ వైద్య కళాశాలల్లో ప్రొఫెసరుగా ఉండి, ఉదయం రోగులను చూసి, ఇంటికి వచ్చి శిష్యులకు పాట చెప్పేవారు. "సంగీత సౌరభం" అనే పేరుతో నాలుగు పెద్ద సంపుటాలనిండా కృతులు స్వరపరచి ఇచ్చారు. ఆయన శిష్యుడు నేదునూరి కృష్ణమూర్తిగారు మళ్ళీ ఎన్నో అన్నమయ్య పాటలకు వరసలు కట్టారు. రాళ్ళపల్లివారు కాలం చేసింది 1979 మార్చి 11. పినాకపాణిగారు వందో ఏట కాలం చేసింది 2013 మార్చి 11. తేదీలు కలవటంలో అర్థమేమీ లేదుగాని, నాకు ఆ తేదీ గుర్తుండిపోయింది.

శర్మగారికి గౌరవాలు జరగకపోలేదు. మద్రాసు మ్యూజిక్ అకాడమీవారు 1974లో సంగీత కళానిధి బిరుదు ఇచ్చారు. నా బాధ అది కాదు. పక్కింటి అమ్మాయి "ఈ వరస ఎవరిది?" అని అడిగినప్పుడు నేను వెంటనే పేరు చెప్పలేకపోయాను. ఎందుకంటే, 1978లో దేవస్థానంవారు అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టాక ఈ పని ఎందరో చేశారు. గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్‌గారు ఒక్కరే వందల పాటలకు వరసలు కట్టారు. ఒకే పాటకు ఇద్దరు ముగ్గురు వేరువేరు వరసలు కట్టినవి కూడా ఉన్నాయి. కాని పాట ఫోనులో వస్తుంది, పాడినవారి పేరు పెద్ద అక్షరాలతో ఉంటుంది, అన్నమయ్య పేరు ఉంటుంది, వరస కట్టినవారి పేరు తరచు ఉండదు. ఉత్తరం చదువుకుని సంతకం చింపేసినట్టున్నది గదా ఇది! చివరకు ఆ అమ్మాయి తన సంగీతం టీచరుగారిని అడిగింది. ఆవిడ పాత పుస్తకం తీసి చూసి చెప్పారు. వరస రాళ్ళపల్లివారిదే. పుట మీద చిన్న అక్షరాలతో ఉన్నది.

ఆ టీచరుగారి సంగతి కూడా చెప్పాలి. ఆవిడ తెల్లవారుజామున కంప్యూటరు ముందు కూర్చుని అమెరికాలో ఉన్న తెలుగు పిల్లలకు పాఠం చెబుతారు. మనకు పొద్దున ఆరు గంటలయితే, వేసవిలో న్యూయార్కులో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. ఇక్కడి మేడల్లో పనిచేసే ఇంజనీర్లు చాలామంది ఇటువంటి యంత్రాల ప్రోగ్రాములే రాస్తూంటారు. అయినా ఒక చిక్కు వాళ్ళకు కూడా తీరలేదు. గురువూ శిష్యుడూ కలిసి పాడలేరు!

కారణం లెక్కవేసి చూద్దాం. హైదరాబాదు నుంచి న్యూయార్కు సుమారు 13,000 కిలోమీటర్లు. గాజుతీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. తిన్నగా పోయినా సెకనులో పదిహేనో వంతు పడుతుంది. దారి తిన్నగా ఉండదు. నడుమ యంత్రాలు కూడా కొంత ఆలస్యం చేస్తాయి. అంతా కలిసి సెకనులో అయిదో వంతు అయిందనుకోండి. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. అంటే, గురువుగారు మీకు 68 మీటర్ల దూరాన కూర్చుని పాడుతున్నట్టు! సెకనుకో దెబ్బ చొప్పున తాళం వేస్తూ, దెబ్బకు నాలుగు స్వరాలు పాడుతుంటే ఒక్కొక్క స్వరం పావు సెకను ఉంటుంది. ఆలస్యం దాదాపు ఒక స్వరమంత! మీ గొంతు మళ్ళీ గురువుగారిని చేరటానికి ఇంకొక స్వరమంత.

అందుచేత టీచరుగారు ఒక ముక్క పాడి ఆగుతారు. అవతలి పిల్ల ఆ ముక్క పాడుతుంది. ఈవిడ విని దిద్దుతారు. ఒకరు రాయటం, ఒకరు జవాబివ్వటం. ఇంత యంత్రాంగం వచ్చి, మళ్ళీ ఉత్తరాల పద్ధతికే వచ్చాం చూశారా! ఆ అమెరికా పిల్లల దగ్గిర కూడా స్వరాలు రాసిన కాగితం ఉంటుంది. కరెంటుగాని, ఇంటర్నెట్‌గాని పోయిననాడు వాళ్ళు కాగితం చూసి పాడుకుంటారట.

ఇంతసేపు విన్నారు కనక మీకు కూడా ఒక ఉత్తరం రాస్తాను. ఇది ఏ పాటలోదీ కాదు, నేనే రాసింది. ఆదితాళం వేస్తూ పాడండి.

గ ప ద ప | గ రి | స , ||
స రి గ ప | గ రి | స , ||

సంగీతం నేర్చుకునేవాళ్ళు దీని రాగం ఇట్టే పట్టేస్తారు. ఇందులో మ, ని లేవు. నేర్చుకోనివాళ్ళు నేర్చుకున్నవాళ్ళ చేత పాడించుకోండి. తరవాత మీరు కూడా ఇలాగే రెండు వరుసలు రాసి, కింద సంతకం పెట్టి, పొరుగూళ్ళో ఉన్న మీ స్నేహితుడికి పోస్టులో పంపండి. వాడు పాడింది మీరు అనుకున్నట్టే ఉన్నదో లేదో ఫోను చేసి వినండి.